అమ్ముకున్న వారసులు, అమ్ముడుపోయిన వారసులు

"మా తాతల నాటి భూమి. ఉంచుకుంటాం, అమ్ముకుంటాం. మీకేంటి?" ఊళ్ళో భూమి మాట ఎత్తితే మనకొచ్చే జవాబు ఇదే. ఈ మాట దగ్గరే మనవాళ్ళ నోరు పడిపోతుంది. ఎందుకంటే మన తాతలు మనకు భూమి ఇవ్వలేదు. అప్పు ఇచ్చారు, పాలేరుతనం ఇచ్చారు. వాళ్ళకు సంపాదించే తెలివి లేదేమోనని మనలో మనమే కుమిలిపోతాం.

ఈ తాతల సంపాదన ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. మన ఊరి సంగతి ఎత్తితే గొడవ. అందుకని సముద్రాల అవతల అమెరికా సంగతి చెబుతాను. అక్కడైతే కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి.

జార్జ్ వాషింగ్టన్ అమెరికాకు మొదటి ప్రెసిడెంటు. 1799 జూలైలో వీలునామా రాశాడు, డిసెంబరులో చనిపోయాడు. వీలునామాతో పాటు ఆస్తుల జాబితా కూడా రాసిపెట్టాడు. అందులో ఒహాయో నది ఒడ్డున, దానిలో కలిసే కనావా నది ఒడ్డున ఉన్న భూములే 33 వేల ఎకరాల దాకా ఉన్నాయి. కనావా ఒడ్డు భూమికి ఆయన కట్టిన విలువ 2 లక్షల డాలర్లు. ఆయనకు పిల్లలు లేరు. ఈ భూముల్ని పంచిగానీ అమ్మిగానీ 23 సమాన భాగాలు చెయ్యమని రాశాడు. ఆ భాగాలు అన్నదమ్ముల పిల్లలకు, అక్క చెల్లెళ్ళ పిల్లలకు, భార్య తరఫు మనవలకు వెళ్ళాయి. వాళ్ళు పంచుకున్నారు. కాలక్రమంలో వాళ్ళూ వాళ్ళ పిల్లలూ ముక్కలు ముక్కలుగా అమ్ముకున్నారు. తాతల నాటి భూమి గదా!

మరి ఆ తాతకు ఎలా వచ్చింది?

మేం టీచర్లం బళ్ళో పిల్లలకు వాషింగ్టన్ చెర్రీ చెట్టు కథ చెబుతాం. చెట్టు నరికి, తండ్రి అడిగితే అబద్ధం ఆడకుండా ఒప్పుకున్న బుద్ధిమంతుడని చెబుతాం. ఆ కథ ఆయన చనిపోయాక ఒకాయన కల్పించింది. ఆయన రాసిన ఉత్తరాలు మాత్రం కల్పన కాదు.

1763లో ఇంగ్లండు రాజు ఒక ప్రకటన చేశాడు. కొండల అవతలి భూమి ఆదివాసులది, తెల్లవాళ్ళు ఎవరూ అక్కడ స్థిరపడకూడదన్నాడు. 1767లో వాషింగ్టన్ తన సర్వేయరు క్రాఫర్డ్‌కు ఉత్తరం రాశాడు. ఈ నిషేధం ఎంతోకాలం నిలవదు, ఆదివాసుల్ని తాత్కాలికంగా ఊరుకోబెట్టడానికి పెట్టిందే, ఇప్పుడే మంచి భూములు చూసి గుర్తులు పెట్టు, ఎవరైనా అడిగితే వేటకు వచ్చానని చెప్పు, సంగతి బయటకు పొక్కనివ్వకు. ఆ ఉత్తరం సారాంశం ఇదీ.

ఇంకొకటి చూడండి. 1754 యుద్ధంలో చేరిన సైనికులకు వర్జీనియా గవర్నరు 2 లక్షల ఎకరాలు ఇస్తానన్నాడు. చివరికి పంపకం తేలింది. పెద్ద ఆఫీసరుకు 15 వేల ఎకరాలు, మామూలు సిపాయికి 400. సిపాయి బీదవాడు. భూమి ఎక్కడో వందల మైళ్ళ అవతల అడవిలో ఉంది. సర్వే ఖర్చుకు అతనే వాటా ఇచ్చుకోవాలి. అసలు భూమి చేతికొస్తుందో రాదో తెలియదు. అలాంటి సమయంలో, 1770 జనవరిలో, వాషింగ్టన్ తన తమ్ముడు చార్లెస్‌కు ఉత్తరం రాశాడు. సైనికులు తమ హక్కును ఎంతకు అమ్ముతారో సరదాగా మాట్లాడుతున్నట్టు మాట్లాడి కనుక్కో, కొనేది నేనని తెలియనివ్వకు అన్నాడు. అదే ఏడాది తనే పడవెక్కి ఒహాయో మీదుగా కనావా దాకా వెళ్ళి, ఒడ్డున సారవంతమైన పల్లపు భూములు ఏరుకున్నాడు.

నిషేధం ఉన్న భూమికి ముందే గుర్తులు పెట్టించడం, బీదవాడి హక్కును బినామీతో బేరమాడించడం. ఈ పద్ధతులు మనకు కొత్తా?

ఆ నేల మీద బతికినవాళ్ళు షానీ తెగ ఆదివాసులు. 1768లో ఆ భూమిని ఇంగ్లీషువాళ్ళు కొన్నారు. ఎవరి దగ్గర? దూరాన ఉన్న ఇరాక్వాయ్ తెగల దగ్గర. అక్కడ వేటాడి బతికే షానీలు సంతకం పెట్టలేదు. కనావా నది ఒహాయోలో కలిసే చోటే 1774 అక్టోబరు 10న షానీలు తెల్లసైన్యంతో పోరాడి ఓడిపోయారు. వాళ్ళ పిల్లలకు దస్తావేజు లేదు, కాబట్టి వారసత్వమూ లేదు.

ఇక మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ ఇల్లు, పొలాలు నడిపిన నల్లజాతి బానిసలు. 1799 నాటికి అక్కడ 317 మంది. వాళ్ళలో 123 మంది వాషింగ్టన్ సొంతం. తన భార్య మార్తా పోయాక వాళ్ళకు విడుదల అని వీలునామాలో రాశాడు. ముసలివాళ్ళకు తిండి బట్ట చూడమన్నాడు, పిల్లలకు చదువు చెప్పించమన్నాడు. ఆమె 1801 జనవరిలోనే విడిచిపెట్టింది. ఆ కాలంలో అంతమాత్రం చేసిన దొరలు తక్కువే, ఒప్పుకుందాం. కానీ నది ఒడ్డు 33 వేల ఎకరాల్లో ఒక్క ఎకరం కూడా వాళ్ళకు రాయలేదు. మిగతావాళ్ళలో 153 మంది మార్తా మొదటి భర్త ఎస్టేటు తాలూకు. ఆమె 1802లో చనిపోతే వాళ్ళను ఆమె మనవలు నలుగురూ పంచుకున్నారు. విడుదలైన మొగుడు ఒకచోట, పంపకంలో పోయిన పెళ్ళాం ఒకచోట.

చూశారా? వారసత్వం అనే ఒక్క మాట కింద కొందరు భూమిని పంచుకున్నారు. ఇంకొందరు తామే పంపకానికి వచ్చారు. తల్లి నుంచి బిడ్డకు దిగిన ఆస్తి బానిసతనం ఒక్కటే.

అదే కనావా ఒడ్డున మాల్డెన్ అనే ఊరుంది. 1865లో బానిసత్వం పోయాక తల్లితో కలిసి ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు అక్కడికి వచ్చి, ఉప్పు బట్టీలో కూలికి కుదిరాడు. వాడు మొట్టమొదట గుర్తుపట్టి చదివింది 18 అనే అంకె. అది వాళ్ళ మారుతండ్రి నింపే ఉప్పు పీపాల మీద వేసే గుర్తు. బళ్ళో చేరితే పంతులు పేరు అడిగాడు. మిగతా పిల్లలకు ఇంటిపేర్లు ఉన్నాయి, వాడికి లేదు. అప్పటికప్పుడు "వాషింగ్టన్" అని చెప్పాడు. ఆయనే తర్వాత నల్లవాళ్ళకు పెద్ద విద్యాసంస్థ నడిపిన బుకర్ టి. వాషింగ్టన్. చూడండి, మారుతండ్రి పేరు తీసి ఇంటిపేరు చేసుకోగలిగాడు. ఆ పేరు గల దొర వారసులకు ఆ ఒడ్డునే భూములొచ్చాయి, ఈ వాషింగ్టన్‌కు ఉప్పు బట్టీ వచ్చింది.

అదే 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణాన సముద్రతీరం, నదుల వెంట దొరలు వదిలిపోయిన వరిపొలాల్లో విడుదలైన కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇమ్మన్నాడు. దున్నుకోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కముందే ప్రెసిడెంటు జాన్సన్ పాత యజమానులకు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. తాతల నాటి భూమి గదా!

మహాత్మా ఫూలే 1873లో "గులాంగిరి" పుస్తకాన్ని బానిసత్వం రద్దుకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. మన బాధకూ వాళ్ళ బాధకూ చుట్టరికం ఉందని ఆనాడే గుర్తుపట్టాడు. ఆ చుట్టరికంతోనే మన ఇంటి సంగతికి వస్తాను.

మనకు వచ్చినదల్లా అసైన్డ్ పట్టా. ఎకరమో, అరెకరమో. దాన్ని పెద్దోళ్ళు కొనేస్తున్నారనే 1977లో అమ్మకం నిషేధించే చట్టం వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపారు. మన కుర్రాళ్ళు అడుగుతున్నారు: "వాళ్ళు అమ్ముకోవచ్చు, మనం అమ్ముకోకూడదా మాస్టారూ? అమ్ముకునే హక్కు లేనిది ఆస్తి ఎట్లా అవుతుంది?"

న్యాయమైన ప్రశ్నే. మనకు ఎవడూ కాపలా పెట్టనక్కరలేదు. కానీ తమ్ముడూ, 400 ఎకరాల సిపాయికి కూడా అమ్ముకునే హక్కు ఉంది. లేనిదల్లా అమ్మకుండా ఆగే బలం. దొర వారసుడు లాభం చూసి అమ్మాడు. సిపాయి అవసరానికి అమ్మాడు. పిల్ల పెళ్ళికి, ఆసుపత్రికి, వడ్డీకి అమ్మేవాడి హక్కు, నిజానికి కొనేవాడి హక్కు.

కాబట్టి రెండూ అడుగుదాం. పట్టా మీద పూర్తి హక్కు మనదే, ఆడవాళ్ళ పేరు కూడా దాని మీద ఉండాలి. ఇల్లు గడవక అమ్మక తప్పని రోజు వస్తే ఆ భూమిని ప్రభుత్వమే బజారు ధరకు కొని, భూమిలేని ఇంకో దళిత కుటుంబానికి ఇవ్వాలి. ఈలోగా గూడెంలో ఎవరైనా "సరదాగా" మీ భూమి ధర అడిగితే, అతని వెనక ఎవరున్నారో కనుక్కోండి. వేలిముద్ర వెయ్యకముందు సంఘంలో చెప్పండి.

జై భీమ్!