పద్యం తీరు చెప్తది గానీ పేరు చెప్పదు

"పోతన మనోడా, కడపోళ్లోడా?" ఈ లొల్లి ఎప్పుడు లేసినా ఒక మాట తప్పకుండ వస్తది: "పద్యం చదివితెనే తెలుస్తలేదా, ఇది మన ఓరుగల్లు నుడికారమని!" జనగామ జిల్లా పాలకుర్తి మండలంల బమ్మెర ఉన్నదని గొప్పగ చెప్పుకునేటోళ్లల్ల నేనూ ఒకన్ని. అయినా ఈ వాదన నాకు ఒప్పదు.

శైలిని బట్టి రాసినోన్ని పట్టొచ్చా? భాగవతమే చూడుండ్రి. పన్నెండు స్కంధాలూ పోతనయే అనుకుంటరు చానమంది. కానీ ఐదోది బొప్పరాజు గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాసిండ్రు. ఈ సంగతి మనకు శైలి చూసి తెల్వలే. స్కంధం చివరి గద్యల ఎవరి పేరు వాళ్లు రాసుకున్నరు కాబట్టి తెలిసింది. ఆ నాలుగు గద్యలు చెదలు తిని ఉంటె, ముగ్గురి కష్టం పోతన ఖాతాలనే పడేది.

"పోతన ఊపు వేరు, చదివితెనే దొరుకుతది" అంటరా? ఎనిమిదో స్కంధంల ఏనుగు మొర, పదోదాంట్ల చిన్ని క్రిష్ణుని ఆటలు. ఐదోదాంట్లనేమో ద్వీపాలు, సముద్రాలు, గ్రహాల లెక్క. మొర పెట్టుకునే పద్యం, భూమి కొలతలు చెప్పే పద్యం ఒక్కతీరు ఎట్లుంటయ్? కథ మారితె తీరు మారుతది. దాన్ని చూసి కవి మారిండనుకుంటె తప్పుల పడ్తం.

1964ల అమెరికాల మోస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక పండితులు, ఎవరియో తేలని 12 ఫెడరలిస్ట్ వ్యాసాలల్ల చిన్నచిన్న మాటలు ఎన్నిసార్లు వచ్చినయో లెక్కగట్టి, అవి మాడిసన్ రాసినయే అన్నరు. కానీ ఆడ అనుమానం ముఖ్యంగ ఇద్దరి మీదనే, ఇద్దరి రాతలూ దండిగ ఉన్నయ్, అది వచనం. మన పద్యంల గణం, యతి, ప్రాస మాటను తమ దిక్కు గుంజుతయ్. పైంగ తాటాకుల మీద నకలు రాసినోళ్ల చేతులు గూడ పడ్డయ్. ఒకే ఛందస్సు, ఒకేతీరు సన్నివేశం పక్కపక్కన పెట్టి పోలిస్తె, "ఈ రెండు చేతులు వేరు" అనొచ్చు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పాలంటె వేరే ఆధారం గావాలె.

ఊరి పంచాయితీ గూడ గంతె. పోతన చెప్పుకున్న 'ఏకశిలానగరం' ఓరుగల్లని మనం, ఒంటిమిట్టని వాళ్లు. తేల్చుకోవాల్సింది ఆ మాట మీద. ఆయన రాసింది కావ్యభాష, అది అన్ని ఊర్లకు ఉమ్మడి. దాంట్ల మన యాస ఎతికి ఆయనను గుంజుకొస్తమంటె కుదరదు.

నా బాధ ఇంకోటి. ఐదు వందల ఏండ్ల కిందటి పేరు కోసం కొట్లాడే మనం, ఇయ్యాల మన కండ్ల ముందటి పేర్లు పోగొడుతున్నం. మానుకోట తండాలల్ల, నాట్లేసే మళ్లల్ల మన అమ్మలు కట్టిన పాటలు యూట్యూబ్ల 'జానపదం' అని పేరు లేకుంట తిరుగుతున్నయ్. రేపు ఏ కంప్యూటరు లెక్కగట్టినా ఆమె పేరు చెప్పలేదు, ఎందుకంటె పోల్చి చూడనీకె ఆమె రాత ఇంకోటి ఉండదు.

గంగన, సింగన, నారయ బతికింది చివర రాసుకున్న పేరుతోనే. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, వీడియో పెడితె కింద రాయుండ్రి: కట్టింది ఎవరు, పాడింది ఎవరు, ఏ ఊరు. కట్టిందెవరో తెల్వకపోతె, ఎవరి నోట విన్నరో అదన్న రాయుండ్రి.