ప్రతి చీటీలో ఆ మాత్ర ఎందుకు?

జ్వరానికి రాసిన చీటీ అయినా, పంటినొప్పికి రాసినదైనా, చివరి వరుసలో పాంటాప్రజోల్ 40 ఉండి తీరుతుంది. డాక్టరు రాయకపోతే మనమే అడుగుతాం: "గ్యాస్ మాత్ర రాయలేదేంటండీ?" చీటీ లేకుండా వెళ్లినా మెడికల్ షాపులో షీటు కత్తిరించి ఇచ్చేస్తారు. యాంటీబయాటిక్ వేడి చేస్తుంది, గ్యాస్ మాత్ర పడితే కడుపు చల్లబడుతుంది, దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు అన్నది ఇంటింటా పాతుకుపోయిన మాట. ఆ మాట తప్పు.

అప్పుడప్పుడు వచ్చే ఛాతీ మంటకు పాంటాప్రజోల్ సరైన మందే కాదు. కడుపు గోడలో ఆమ్లాన్ని తయారుచేసే పంపులను అది మూసేస్తుంది. పూర్తిగా పనిచేయడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, అదీ తిండికి అరగంట ముందు వేసుకుంటేనే. పెళ్లి భోజనం చేసి, మంట మొదలయ్యాక మింగితే ఆ రాత్రికి ఒరిగేది చాలా తక్కువ. అక్కడ కావలసింది అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడులున్న జెల్. కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. మంట రాత్రంతా వేధించేదైతే ఫామోటిడిన్ ఉంది, గంటలో పని మొదలుపెట్టి పది గంటల దాకా కాస్తుంది. (దాని అన్న రానిటిడిన్‌ను మాత్రం ఎన్‌డీఎంఏ అనే కల్మషం భయంతో 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. మన అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తప్పించారు.)

అసలు కొంప మునిగేది మాత్ర ఆపినప్పుడు. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఛాతీ మంట ఎరగని 120 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. సగం మందికి ఇదే జాతి మందు ఎసోమెప్రజోల్‌ను 8 వారాలు ఇచ్చి ఆపేశారు. తర్వాతి నాలుగు వారాల్లో వాళ్లలో 44 శాతం మందికి మంట, పులితేన్పుల వంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో అవి 15 శాతానికే. అణచిపెట్టిన ఆమ్లం మాత్ర ఆపగానే రెట్టించి ఊరుతుంది. దాన్ని చూసి "మానితే తట్టుకోలేకపోతున్నాను, నాకిది జీవితాంతం తప్పదు" అనుకుని ఏళ్ల తరబడి మింగేవాళ్లు మన చుట్టూ ఎందరో.

ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గించేదే. రెండూ కలిపి మింగుతూ, అరికాళ్లు తిమ్మిరెక్కితే నింద మొత్తం షుగరు మీద వేస్తాం. ఇక పాంటాప్రజోల్‌కు డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ సంగతి. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని, కడుపు ఉబ్బరానికీ ఛాతీ మంటకూ డోంపెరిడోన్‌ను వాడొద్దని యూరప్ మందుల సంస్థ 2014లోనే చెప్పింది. మన దగ్గర ఆ క్యాప్సూల్ మరమరాల్లా అమ్ముడవుతోంది.

స్టెంట్ పడి రెండు రకాల రక్తం పలచన మాత్రలు వాడేవాళ్లకు, పుండు పడి రక్తం పోయినవాళ్లకు, నొప్పి మాత్రలు తప్పని పెద్దవాళ్లకు ఈ మందు ప్రాణరక్షణ. వాళ్లు ఇది చదివి మానకూడదు. అయిదు రోజుల పారాసెటమాల్‌కు తోడుగా మాత్రం ఇది అక్కర్లేదు.

మంటతోపాటు చెమటలు పట్టి, దవడో ఎడమ చెయ్యో లాగితే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. మిగతా రోజుల్లో చీటీ అందుకోగానే డాక్టరును రెండు మాటలు అడగండి: ఈ గ్యాస్ మాత్ర నాకెందుకు, ఎన్ని వారాలు?