పేరు డార్జిలింగ్‌ది, ఆకు ఎక్కడిది?

హైదరాబాద్‌లో చాయ్ అంటే చాలామందికి ఇరానీ చాయే. గంటల తరబడి దమ్ మీద మరిగిన డికాషన్, చిక్కటి పాలు, పక్కన ఉస్మానియా బిస్కెట్. అందులో పడేది ఎక్కువగా అస్సాం వైపు నుంచి వచ్చే సన్నపు పత్తీ. అయితే ఈ మధ్య పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో ఇంకో రకం చాయ్ పత్తీ కూడా కనబడుతోంది. పొడి కాదు, చేత్తో పట్టుకుంటే ఆకు ఆకుగా విడిపోయేది. డబ్బా మీద ‘డార్జిలింగ్’ అని ఉంటుంది. వంద గ్రాములకే కొన్ని వందల రూపాయలు, మంచి రకమైతే వెయ్యి కూడా దాటుతుంది. గిఫ్ట్ ప్యాకెట్లలో, పెళ్లి కానుకల్లో కూడా పెడుతున్నారు.

ఇంత ధర పెట్టి కొంటున్నది నిజంగా డార్జిలింగ్ ఆకేనా? నిజమైనదే అయితే ఆ డబ్బులో ఆకు కోసిన మనిషికి ఎంత చేరుతోంది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు వెతికితే పశ్చిమ బెంగాల్ కొండల్లో తోటలు ఎందుకు చితికిపోతున్నాయో అర్థమవుతుంది.

పంట తగ్గింది, ఖర్చు తగ్గలేదు

డార్జిలింగ్ కొండల్లో గుర్తింపు ఉన్న తేయాకు తోటలు 87. కొన్ని తోటలు 2,000 మీటర్ల ఎత్తు దాకా ఉన్నాయి. ఇక్కడ పెరిగేది ఎక్కువగా చైనా రకం మొక్క. చల్లటి గాలి, పొగమంచు, వాలు నేల వల్ల ఆకు నెమ్మదిగా ఎదుగుతుంది. వాసన, రుచి దాంట్లోంచే వస్తాయి. దిగుబడి తక్కువగా ఉండటానికీ అదే కారణం.

1990 ప్రాంతంలో ఏడాదికి కోటి కిలోలకు పైనే తీసిన ఈ కొండలు 2016 నాటికి 80 లక్షల కిలోల స్థాయికి దిగాయి. 2024లో వచ్చింది సుమారు 56 లక్షల కిలోలే. గూర్ఖాలాండ్ ఉద్యమంతో తోటలు మూతపడ్డ 2017ను పక్కన పెడితే అప్పటికి కొన్ని దశాబ్దాల్లో అదే అతి తక్కువ.

దీన్ని లెక్కల్లో చూస్తే ఇబ్బంది తెలుస్తుంది. తోట నడపడానికి అయ్యే ఖర్చులో చాలా భాగం పంట ఎంత వచ్చినా మారదు. కార్మికుల జీతం, క్వార్టర్లు, ఫ్యాక్టరీ, రోడ్డు అన్నీ అలాగే ఉంటాయి. పంట మూడో వంతు తగ్గితే, ఆ స్థిర ఖర్చు మిగిలిన ఒక్కో కిలో మీద సగం ఎక్కువగా పడుతుంది. నిన్న కిలోకి 100 రూపాయలు పడిన చోట ఈ రోజు 150 పడుతుందన్నమాట. వేలంలో ధర అంత పెరగకపోతే తోట నష్టంలోకి పోతుంది. ఇప్పటికే పదికి పైగా తోటలు నడవడం లేదు.

పంట ఎందుకు పడిపోయింది? ఒకటి, మొక్కలు ముసలివైపోయాయి. బ్రిటిష్ కాలంలో, 1850ల తర్వాత నాటిన పొదలు చాలా తోటల్లో ఇంకా ఉన్నాయి. పీకి కొత్తవి నాటితే ఐదారేళ్లు ఆదాయం ఉండదు. అప్పుల్లో ఉన్న యజమాని ఆ సాహసం చేయడం లేదు. రెండు, వాతావరణం. 1993 నుంచి 2012 వరకు 20 ఏళ్ల లెక్కలు తీసిన అక్కడి పరిశోధకులు సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగిందని, ఏడాది వర్షం సుమారు 150 మిల్లీమీటర్లు తగ్గిందని తేల్చారు. వర్షం తగ్గడమే కాదు, పడాల్సినప్పుడు పడకుండా ఒక్కసారిగా కుమ్మేస్తోంది. 2025 అక్టోబర్ మొదటి వారంలో మిరిక్ పరిసరాల్లో కొండచరియలు విరిగిపడి 20 మందికి పైగా చనిపోయారు. చాలా తోటలు కోతకు గురయ్యాయి.

చలికాలంలో వాన లేకపోతే అసలు దెబ్బ ఫస్ట్ ఫ్లష్ మీద పడుతుంది. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే మొదటి చిగురుని అలా పిలుస్తారు. మొత్తం పంటలో ఇది దాదాపు ఐదో వంతే, కానీ ఆదాయంలో మూడో వంతుకు పైగా ఇక్కడి నుంచే వస్తుంది. జర్మనీ, జపాన్ కొనుగోలుదారులు ఎదురుచూసేది దీని కోసమే.

సరిహద్దు అవతలి ఆకు

డార్జిలింగ్ పక్కనే నేపాల్‌లోని ఇలాం జిల్లా ఉంది. అవే కొండలు, దాదాపు అదే ఎత్తు, అదే చైనా రకం మొక్క. చాయ్ చూడ్డానికి, తాగడానికి చాలా దగ్గరగా ఉంటుంది. అక్కడ చిన్న రైతులు ఎక్కువ, మొక్కలు వయసులో చిన్నవి, ఖర్చు తక్కువ. బయటి నుంచి తేయాకు తెస్తే భారత్‌లో మామూలుగా 100 శాతం సుంకం ఉంది. నేపాల్‌తో ఉన్న వాణిజ్య ఒప్పందం వల్ల అక్కడి ఆకు సుంకం లేకుండా వస్తుంది.

2017లో 104 రోజుల బంద్ జరిగినప్పుడు డార్జిలింగ్ నుంచి సరుకు ఆగిపోయింది. ఆ ఖాళీలోకి నేపాల్ ఆకు వచ్చింది. రుచి నచ్చింది, ధర నచ్చింది. తోటలు మళ్లీ తెరిచాక కూడా పోయిన గిరాకీ పూర్తిగా తిరిగి రాలేదు.

నేపాల్ రైతు చేసిన తప్పేం లేదు. అతను తన ఆకుని తన పేరుతో అమ్ముకుంటే అది హలాల్ వ్యాపారమే. ఆ ఆకు సిలిగురి చేరాక డబ్బా మీద ‘డార్జిలింగ్’ అని రాసేవాళ్ల దగ్గరే తప్పంతా ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యం రాశిలోకి చెయ్యి పెట్టి, పైన పొడిగా లోపల తడిగా ఉండటం చూసి వ్యాపారిని మందలించిన సంఘటన ప్రతి ముస్లిం ఇంట్లో చెప్పుకునేదే. కొనేవాడికి కనబడని చోట సరుకు మార్చడం అక్కడ నిషిద్ధమైంది. చాయ్ డబ్బాకి కూడా అదే వర్తిస్తుంది.

చట్టం లేక కాదు. భారత్‌లో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, 2004-05లో దక్కింది డార్జిలింగ్ టీకే. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో వచ్చిందీ అలాంటి గుర్తింపే. యూరోపియన్ యూనియన్ కూడా 2011లో డార్జిలింగ్ పేరుకి రక్షణ ఇచ్చింది. దిగుమతి చేసుకున్న ఆకుని జీఐ ఉన్న టీలలో కలపొద్దని టీ బోర్డు 2021లో ఆదేశాలిచ్చింది. నేపాల్ ఒప్పందాన్ని సమీక్షించి, సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే పత్రం తప్పనిసరి చేయాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో సిఫారసు చేసింది. అయితే విడి ఆకు ఒకసారి గోదాములో కలిసిపోతే కంటితో విడదీయడం నిపుణులకే కష్టం. తనిఖీ సరిహద్దు దగ్గర, బ్లెండింగ్ యూనిట్లలో జరగాలి. లేకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది.

రోజంతా కోస్తే 250

ఈ గొడవలో తక్కువగా వినబడేది ఆకు కోసేవాళ్ల మాట. తోటల్లో 50 వేలకు పైగా శాశ్వత కార్మికులున్నారు. కోత పని ఎక్కువగా ఆడవాళ్లదే. నిటారు వాలు మీద, వీపున బుట్టతో, రెండు ఆకులు ఒక మొగ్గ చొప్పున చేత్తో గిల్లాలి. నాలుగైదు కిలోల పచ్చి ఆకు ఎండితే గానీ కిలో చాయ్ పత్తీ రాదు. 2023 జూన్ నుంచి వాళ్ల రోజు కూలీ 250 రూపాయలు. అంటే ఒక మంచి ఫస్ట్ ఫ్లష్ వంద గ్రాముల డబ్బా కొనాలంటే ఆకు కోసిన మనిషి కనీసం రెండు మూడు రోజుల కూలీ పెట్టాలి.

రేషన్, క్వార్టర్, వైద్యం కూడా ఇస్తున్నాం కదా అంటారు యజమానులు. ఆ సౌకర్యాలు అన్ని తోటల్లో సరిగా అందడం లేదన్నది కార్మిక సంఘాల ఫిర్యాదు. పైగా తరతరాలుగా ఉంటున్న ఇంటి స్థలం మీద కూడా చాలా కుటుంబాలకి హక్కు కాగితం లేదు. పని మానేస్తే ఇల్లు పోతుందన్న భయం ఉంటుంది. టీ తోటలకి కనీస వేతనం తేల్చడానికి పశ్చిమ బెంగాల్ సర్కారు 2015లోనే కమిటీ వేసింది. ఏళ్లు గడిచినా అది తేలలేదు.

అందుకే పిల్లలు తోటలో ఉండటం లేదు. సిలిగురి, ఢిల్లీ, బెంగళూరు పోతున్నారు. ఇంటి దగ్గర పని ఉన్నా కూలీ గిట్టక కొడుకుని గల్ఫ్ పంపిన కుటుంబాలు నిజామాబాద్‌లో, కరీంనగర్‌లో, కడపలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. కోసే చేతులు తగ్గితే చిగురు ముదిరిపోతుంది, ముదిరిన ఆకుకి రేటు రాదు, రేటు రాకపోతే కూలీ పెరగదు. డార్జిలింగ్ ఇప్పుడు ఈ చక్రంలోనే తిరుగుతోంది.

కొనేవాళ్లు ఏం చూడాలి

డబ్బా మీద టీ బోర్డు వారి డార్జిలింగ్ లోగో ఉందో లేదో ముందు చూడాలి. చేతిలో ఆకు పట్టుకున్న స్త్రీ ముఖం పక్క నుంచి కనబడే గుర్తు అది. తోట పేరు, ఏ ఫ్లష్, ఏ సంవత్సరం అన్నవి రాసి ఉంటే నమ్మకం పెరుగుతుంది. ‘డార్జిలింగ్ టైప్’, ‘డార్జిలింగ్ బ్లెండ్’ అంటే జాగ్రత్త పడాలి. మామూలు పత్తీ రేటుకే డార్జిలింగ్ ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. దీన్ని పాలల్లో మరిగిస్తే డబ్బు దండగ. నీళ్లు మరిగాక దించి, కప్పుకి ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఆగితే చాలు. నేపాల్ చాయ్ నచ్చితే నేపాల్ పేరుతోనే కొనుక్కోవచ్చు, అది తక్కువది కాదు.

కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు లేబుల్ సరిచేస్తారు. కానీ దానివల్ల ఆకు కోసే అమ్మకి 250 మీద ఒక్క రూపాయి కూడా దానంతటదే పెరగదు. దానికి కోల్‌కతాలో 2015 నుంచి కదలని ఫైలు కదలాలి, ఢిల్లీలో 2022 నాటి సిఫారసు అమలు కావాలి. నకిలీని ఆపి, కూలీ పెంచకపోతే మిగిలేది యజమాని లాభమే. కూలీ పెంచి, నకిలీని వదిలేస్తే తోట మూతపడుతుంది. రెండూ కలిసి జరిగితేనే వచ్చే ఫిబ్రవరి చివర్లో మొదటి చిగురు వచ్చినప్పుడు కొండ మీద కోసేవాళ్లు మిగులుతారు.