బతుకు పాండేసరలో, ఓటు ఊళ్లో

సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ వినిపించే భాషల్లో గుజరాతీ ఒకటి మాత్రమే. డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల గేట్ల దగ్గర ఒడియా, భోజ్‌పురి, మరాఠీ, వాటి పక్కనే కరీంనగర్, వరంగల్, నల్గొండ యాసల తెలుగు. వీళ్లంతా ఇక్కడే ఓటేస్తే ఏమవుతుందన్నది పార్టీలు చాలాకాలంగా వేస్తున్న లెక్క. మరాఠీల విషయంలో ఆ లెక్క తేలింది. తెలుగువారి విషయంలో ఇంకా తేలలేదు.

ఒకప్పుడు సూరత్ శివార్లలో అధికభాగం చోర్యాసీ అనే ఒకే నియోజకవర్గం. 2007 నాటికి అందులో ఓటర్లు పది లక్షలు దాటారు. అంతటి జనసముద్రంలో ఏ వలస సమూహం గొంతూ వినిపించే అవకాశం లేదు. 2008 పునర్విభజన దాన్ని ముక్కలు చేసింది. కొత్తగా ఏర్పడిన లింబాయత్‌లో బీజేపీ మరాఠీ మూలాలున్న సంగీతా పాటిల్‌ను నిలబెట్టింది. ఆమె 2012, 2017, 2022లో వరుసగా గెలిచారు. నవ్సారి లోక్‌సభ స్థానంలో 2009 నుంచి నాలుగుసార్లు నెగ్గిన సి.ఆర్. పాటిల్ మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో పుట్టినవారు. 2020లో గుజరాత్ పార్టీ పగ్గాలు చేపట్టారు, 2024లో కేంద్ర మంత్రి అయ్యారు.

తెలుగువారికి దక్కిందేమిటి? సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. అందులో తెలుగు ఒకటి. ఇది చిన్న విషయం కాదు. కానీ అసెంబ్లీ సీటు మాత్రం అందలేదు. జనం తక్కువ కాబట్టి అనుకోవడం తేలిక. సంఘాల సభల్లో చెప్పే లక్షల సంఖ్యలు నమ్మనక్కర్లేదు, ఓటర్ల జాబితాలో మాతృభాష గడి ఉండదు. అసలు చిక్కు ఓటు ఎక్కడుందన్నదే.

షోలాపూర్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడికి పద్మశాలీలు తరాల కిందటే కుటుంబాలతో వెళ్లారు. మగవారు మగ్గాల మీద, ఆడవారు బీడీల పనిలో కుదురుకున్నారు. ఓటూ అక్కడే. గంగాధర్ కుచన్ కాంగ్రెస్ తరఫున, లింగరాజ్ వల్యాల్ బీజేపీ తరఫున లోక్‌సభకు వెళ్లారు. సీపీఎం నేత నర్సయ్య ఆడం మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. మూడు పార్టీలూ తెలుగువారిని వెతుక్కుంటూ వచ్చాయన్నమాట.

సూరత్ వలసలో చాలామందికి ఒక కాలు ఇంకా ఊళ్లోనే ఉంది. తల్లిదండ్రుల పింఛను, రేషన్ కార్డు, కాస్త పొలం, పిల్లల బీసీ సర్టిఫికెట్ అన్నీ అక్కడివే. ఆ సర్టిఫికెట్ గుజరాత్‌లో చెల్లదు కూడా. కానీ 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు ‘సాధారణ నివాసం’ ఉన్నచోటే, అదీ ఒక్కచోటే. 2014లో గుజరాత్, తెలంగాణ రెండూ ఏప్రిల్ 30నే ఓటేశాయి. ఆ రోజు ఎవరి మనసు ఎటుందో రైలెక్కడంలోనే తేలిపోయింది. వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుంచిన రిమోట్ ఓటింగ్ యంత్రం ప్రతిపక్షాల అభ్యంతరాలతో అక్కడే ఆగింది.

అమెరికాలో హిస్పానిక్‌ల అనుభవం ఇక్కడ గుర్తుకొస్తుంది. అక్రమ వలసదారులకు బడి, వైద్యం నిరాకరించే 187వ ప్రతిపాదనను 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించారు. దాన్ని కోర్టు అడ్డుకుంది గానీ, బెదిరిన లాటినోలు పెద్ద సంఖ్యలో పౌరసత్వం తీసుకుని ఓటర్లయ్యారు. ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ల పతనానికి అదో ముఖ్య కారణమంటారు. అలాగని వారు ఎవరి జేబులోనూ లేరు. టెక్సస్ సరిహద్దులోని స్టార్ కౌంటీలో దాదాపు అందరూ హిస్పానిక్‌లే. అది వందేళ్లకు పైబడి డెమొక్రాట్లతో నడిచి, 2024లో ట్రంప్‌కు ఓటేసింది. పాండేసర తెలుగువారికి పౌరసత్వం పుట్టుకతోనే ఉంది. కావలసింది చిరునామా మార్పు ఒక్కటే. భయపెట్టేవాడు లేనప్పుడు దానికి తొందర ఏముంటుంది?

తొందర మరో దారిలో వచ్చింది. ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ 2025 నవంబర్ 4న గుజరాత్‌లో మొదలైంది. తమ పేరో తల్లిదండ్రుల పేరో గత సమగ్ర సవరణ నాటి జాబితాలో చూపమంది. గుజరాత్‌లో అది 2002 నాటిది. ఆ తర్వాత వచ్చిన నేత కుటుంబం ఆ పేర్లు వెతకాల్సింది సూరత్ జాబితాలో కాదు, సిరిసిల్ల, వరంగల్ పోలింగ్ కేంద్రాల పాత జాబితాల్లో.