కప్పేస్తే ఆగదు పైపుల మోత

సంపాదకులకు,

అపార్ట్‌మెంట్ అన్నాక పైపుల చప్పుడు తప్పదనీ, ఫాల్స్ సీలింగ్‌తో కప్పేస్తే సరిపోతుందనీ మీ గృహాలంకరణ పేజీలో రాశారు. రెండూ సరికావు.

ఆ మోతలో చాలా భాగం గాలిలో రాదు. పైపు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి గోడకు, అక్కడి నుంచి పడకగదికి పాకుతుంది. సీలింగ్ కప్పినా ఆ దారి మూసుకోదు. క్లాంపు లోపల రబ్బరు పొర ఉండాలి. పైపు గోడను దాటేచోట సిమెంటు తగలకుండా స్లీవ్ వేయాలి. కట్టేటప్పుడు దీనికయ్యే ఖర్చు, తర్వాత వేయించే సీలింగ్ ముందు లెక్కలోకి రాదు.

మోతకు రెండో కారణం నీటి ఒత్తిడి. ట్యాంకు నుంచి ప్రతి 10 మీటర్ల దిగువకు సుమారు 1 బార్ చొప్పున పెరుగుతుంది. పదంతస్తుల భవనంలో కింది ఫ్లాట్లకు అది 3 బార్‌కు చేరుతుంది. సగం తిప్పిన కుళాయి ఈల వేసేదీ, వాషింగ్ మెషిన్ వాల్వు టక్కున మూసుకోగానే పైపు దడదడలాడేదీ ఎక్కువగా ఇందుకే. కింది అంతస్తుల లైనుకు ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు పెడితే రెండూ తగ్గుతాయి.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో శబ్ద నియంత్రణకు విడిగా ఒక విభాగమే ఉంది. చప్పుడు తప్పనిదైతే అదెందుకు? సర్దుకుపొమ్మని చెప్పే బదులు, డ్రైనేజీ షాఫ్టు ఏ గదిని ఆనుకుని ఉందో బుకింగ్‌కు ముందే బిల్డర్‌ను నిలదీయమని పాఠకులకు చెప్పండి.

– ఒక ఫ్లాటు యజమాని, సికింద్రాబాద్