కిలో గ్యాస్ కొట్టించుకునేవాళ్ళా నేరస్తులు?

మొన్న సంక్రాంతికి జూపాడు బంగ్లా వెళ్ళినప్పుడు, నందికొట్కూరు–ఆత్మకూరు రోడ్డు పక్కన ఓ అంగడి ముందు ఆగాను. లోపల ఇంటి గ్యాస్ బండని తలకిందులు చేసి స్టాండు మీద పెట్టారు. దానికో రబ్బరు పైపు, పైపు చివర చిన్న బండ. పత్తి చేలో కూలికి పోయొచ్చిన ఒకావిడ డబ్బులు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. "కిలో కొట్టు నాయనా" అంది.

"కాటా లేదా అన్నా?" అని అడిగా.

అంగడాయన నవ్వాడు. "ఎందుకు సార్, ఊపితే తెలుస్తాది గదా!"

ఈ ముక్క ఆఫీసులో చెప్తే ఒకాయన "ఇల్లీగల్ బాస్, లోపలెయ్యాలి వాళ్ళని" అన్నాడు. ఈయనే కిందటి నెల అనంతగిరి కొండలకి ట్రెక్కింగుకెళ్తూ, వాడి పారెయ్యాల్సిన క్యాంపింగ్ గ్యాస్ డబ్బాలోకి ఇంటి బండ నుంచి గ్యాస్ ఎక్కించి, "అడాప్టరు ఆన్‌లైన్లో కొన్నా, సూపర్ కదా" అని ఫోటోలు చూపించిన ఘనుడు!

అక్కడే నాకు మండింది.

అంగడాయన చేసేది మంచి పనని నేననడం లేదు. 14.2 కిలోల బండలో 33.3 లీటర్ల చోటుంటుంది. అంతా నింపరు, వేడికి ద్రవం పెరుగుతుంది కాబట్టి పైన ఖాళీ వదుల్తారు. ఊపి చూస్తే ఆ ఖాళీ ఎంతుందో ఎలా తెలుస్తుంది? మెడదాకా నింపిన బండని మా సీమ ఎండలో పెడితే ద్రవం పెరగడానికి చోటుండదు, ఇక ఇనుమే చీలాలి. పైపు పీకేటప్పుడు కారే గ్యాస్ గాలికంటే బరువు. నేలబారున పాకి పక్కనున్న బజ్జీల పొయ్యిదాకా పోతుంది. అందుకే అనుమతి లేకుండా ఒక బండలోంచి ఇంకో బండలోకి ఎక్కించడం నేరం. నేరంగానే ఉండాలి.

మరి మనవాడి డబ్బా? అది బ్యూటేన్ కోసం చేసిన పల్చటి రేకు డబ్బా. వంట గ్యాసులో ప్రొపేన్ కూడా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర ప్రొపేన్ పీడనం బ్యూటేన్‌కి మూడు రెట్ల పైనే. అంటే బీటెక్ చదివిన మనవాడు చేసింది అంగడాయన పనికంటే పెద్ద తప్పు. పైగా ఆయనకి కొత్త డబ్బా కొనే స్తోమత ఉంది!

ఆవిడకి లేదు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే రోజుల్లో మాకూ లేదు. రూములో నలుగురం, అడ్రస్ ప్రూఫ్ లేదు, కనెక్షన్ లేదు. సందు చివర కిలో కొట్టించుకునే అన్నం వండుకున్నాం. మీలో ఎంతమంది అలా వండుకోలేదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

దీనికి దారి లేదా అంటే ఉంది. అడ్రస్ ప్రూఫ్ లేకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, పెట్రోలు బంకుల్లో 5 కిలోల బండ ఇచ్చే పద్ధతి 2013లోనే వచ్చింది. ఇండియన్ ఆయిల్ 2020లో దానికి 'ఛోటూ' అని పేరు పెట్టింది. ఆ రోడ్డు మీద రెండు కిరాణా కొట్లలో అడిగా. "ఛోటూనా? ఎవరబ్బాయి సార్?" అన్నారు.

దొరికినా ఆవిడ కొనలేదు. ముందు బండ ఖరీదు కట్టాలి, తర్వాత ఐదు కిలోల డబ్బు ఒకేసారి పెట్టాలి. ఆవిడ చేతిలో ఉండేది ఆ రోజు కూలి. షాంపూని రూపాయి ప్యాకెట్లో అమ్మడం తెలిసిన దేశంలో గ్యాసుని కూలివాడి కొలతలో అమ్మడం తెలీదా?

యూజర్లందరూ ఒకే వర్కరౌండ్ వాడుతుంటే తప్పు యూజర్లది కాదు, రిక్వైర్‌మెంట్ రాసినవాడిది. ఇది మనకి రోజూ తెలిసే విషయమే కదా? ఎప్పుడో ఓసారి దాడి చేసి, నాలుగు బండలు పట్టుకుని ఫోటో దిగితే ఈ బగ్ క్లోజ్ అవ్వదు. ప్లాంటులో తూకం వేసి నింపిన కిలో, రెండు కిలోల బండలు, తక్కువ డిపాజిట్‌తో, ప్రతి కిరాణా కొట్లో ఖాళీది ఇచ్చి నిండుది తీసుకునేలా పెట్టాలి. అప్పుడు ఆ రబ్బరు పైపు దానంతటదే మూలపడుతుంది.

అప్పటిదాకా ఆవిడని నేరస్తురాలు అనేముందు మన ట్రెక్కింగు బ్యాగులో ఉన్న డబ్బా ఓసారి చూసుకుందాం. అడాప్టరుంటే ఇవాళే చెత్తలో పారెయ్యండి, పుణ్యముంటుంది.