దళారీ కన్నా ముందు శిశుగృహ కనబడాలి

గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,
తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్.

విషయం: దత్తత సంస్థల పనితీరు, దత్తత కోరే కుటుంబాలకు అందాల్సిన సమాచారం, సాయం గురించి వినతి.



వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల్లో దత్తత ద్వారా పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లం, పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లం కలిసి ఈ వినతిపత్రం సమర్పించుకుంటున్నాం. మాలో బడిపంతుళ్లు, ఆర్టీసీ ఉద్యోగులు, పత్తి రైతులు, చిన్న దుకాణదారులు ఉన్నారు. మా బాధ ఒక్కటే. పిల్లలు లేని దంపతులకు దళారీ ఫోన్ నంబరు దొరికినంత తేలిగ్గా ప్రభుత్వ దత్తత సంస్థ అయిన శిశుగృహ చిరునామా దొరకడం లేదు. ఈ పరిస్థితి మారనంత వరకు ఎన్ని కేసులు పెట్టినా పసిపిల్లల అమ్మకాలు ఆగవు.

2024 మే నెలలో హైదరాబాద్ శివారు మేడిపల్లిలో శిశువులను అమ్మే ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె నుంచి పసికందులను తెచ్చి ఇక్కడ అమ్మారని అప్పుడు బయటపడింది. డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం ముమ్మాటికీ నేరం. బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బందే ఆ పని చేస్తే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. అలా బిడ్డలను కొన్న కుటుంబాలను మేం వెనకేసుకురావడం లేదు. కానీ వాళ్లు దళారీ గుమ్మం ఎక్కకముందు ఎన్ని గుమ్మాలు తిరిగి ఉంటారో మాకు తెలుసు. మేమూ తిరిగినవాళ్లమే.

దత్తత అనుకోగానే ఎవరికైనా వచ్చే మొదటి సందేహం ఏ సంస్థను నమ్మాలన్నది. ఈ దేశంలో దానికి స్పష్టమైన జవాబే ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రత్యేక దత్తత సంస్థ మాత్రమే అనాథ, పరిత్యక్త శిశువులను దత్తతకు ఇవ్వగలదు. ఆ గుర్తింపుకు గడువు ఉంటుంది. పేరు నమోదు కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లోనే జరగాలి. బిడ్డ వరుస క్రమంలో వస్తుంది, ఎవరి సిఫారసుతోనూ రాదు. నిబంధనల్లో ఉన్న రుసుము తప్ప విరాళం పేరుతో రూపాయి అడగకూడదు. ఇవన్నీ చట్టంలో ఉన్నాయి, ఊళ్లో ఎవరికీ తెలియవు. ప్రసూతి ఆసుపత్రికి వెళ్తే సంతాన సాఫల్య కేంద్రాల పోస్టర్లు వరుసగా కనిపిస్తాయి. శిశుగృహ గురించి ఒక్క కాగితం ఉండదు. ఆ వరండాలోనే ఎవరో పక్కకు పిలిచి “తెలిసిన నర్సు ఉంది, మాట్లాడమంటారా?” అంటారు.

అందుకే మా మొదటి కోరిక చాలా చిన్నది, ఖర్చు లేనిది. జిల్లాలో గుర్తింపు ఉన్న దత్తత సంస్థ పేరు, గుర్తింపు గడువు, కట్టాల్సిన రుసుము, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఫోను, బాలల సహాయవాణి 1098 నంబరు తెలుగులో రాసిన బోర్డు ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రైవేటు ప్రసూతి కేంద్రంలో, అంగన్‌వాడీలో, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పెట్టించండి. ప్రతి జిల్లాలో దత్తత సంస్థ ఉండాలని సుప్రీంకోర్టు 2023 నవంబరులో ఆదేశించింది. సంస్థ ఉంటే చాలదు, అది ఉందని జనానికి తెలియాలి.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాన్ని ఊరికే చేర్చలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం చూపించి స్టాంపు కాగితం మీద దస్తావేజు రాయించి, అంతా సక్రమమేనని దళారులు నమ్మిస్తున్నారు. ఆ చట్టం ప్రకారం బిడ్డను ఇవ్వగలిగేది తల్లీ తండ్రీ, కొన్ని పరిస్థితుల్లో కోర్టు అనుమతితో సంరక్షకుడు. నర్సుకు, మధ్యవర్తికి ఆ హక్కు లేదు. దత్తతకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కన్నవాళ్లు ఎవరో నిర్ధారించుకోకుండా దత్తత దస్తావేజు రిజిస్టర్ చేయవద్దని, అనుమానం ఉంటే బాలల సంక్షేమ సమితికి తెలపాలని రిజిస్ట్రేషన్ శాఖకు ఉత్తర్వులు ఇప్పించండి.

ఇక సంస్థతో కలిసి నడిచే దారి. పత్రాలన్నీ ఇచ్చాక 60 రోజుల్లో గృహ అధ్యయనం, అంటే ఇంటికొచ్చి కుటుంబ పరిస్థితులు చూడటం, పూర్తి కావాలని 2022 దత్తత నిబంధనలు చెబుతున్నాయి. మా అనుభవంలో గడువు దాటడం మామూలైపోయింది. ఆలస్యం కన్నా ఎక్కువ నొప్పించేది అడిగే తీరు. మాలో ఒకరింటికి వచ్చిన ఉద్యోగి వాకిట్లో కుర్చీ వేసుకుని, పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తుండగా “లోపం ఎవరిలో ఉందమ్మా?” అని గట్టిగా అడిగారు. ఆ ఇంటి కోడలు జవాబు చెప్పలేక లోపలికి వెళ్లిపోయింది. ప్రశ్నలు అడగొద్దని మేం అనడం లేదు. బిడ్డ భద్రత కోసం ఆదాయం, ఆరోగ్యం, దంపతుల మధ్య సఖ్యత అన్నీ ఆరా తీయాల్సిందే. నాలుగు గోడల మధ్య, శిక్షణ ఉన్నవాళ్లు అడగాలి. ఖాళీగా ఉన్న సామాజిక కార్యకర్తల పోస్టులు భర్తీ చేయండి. ఉన్నవాళ్లకు శిక్షణ ఇప్పించండి.

ఏళ్ల నిరీక్షణ తర్వాత ఒక సాయంత్రం ఫోనుకు సందేశం వస్తుంది. బిడ్డ ఫొటో, వైద్య నివేదిక చూసి 48 గంటల్లో ఆ బిడ్డను రిజర్వ్ చేసుకుంటారో లేదో చెప్పాలి. నివేదికంతా ఇంగ్లిషులో ఉంటుంది. తల చుట్టుకొలత, వీడీఆర్ఎల్, హెపటైటిస్ అంటూ వరుసగా అంకెలు, పొడి అక్షరాలు. శనివారం రాత్రి ఆ కాగితం పట్టుకుని ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి? భయంతో వద్దన్నవాళ్లున్నారు, అర్థం కాకుండానే సరేనన్నవాళ్లూ ఉన్నారు. రెండూ బిడ్డకు అన్యాయమే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో, హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ఒక్కో పిల్లల వైద్యుణ్ని ఈ పనికి కేటాయించి, సెలవు రోజుల్లోనూ ఫోనులో అందుబాటులో ఉంచండి. నివేదిక తెలుగులోనూ ఇవ్వాలని ‘కారా’కు రాష్ట్రం తరఫున లేఖ రాయండి. ఇక దత్తత ఉత్తర్వు జారీ బాధ్యత 2022 సెప్టెంబరు నుంచి కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్లకు మారింది. ఆ ఉత్తర్వుకు ఉన్న రెండు నెలల గడువు దాటిన దరఖాస్తులను కలెక్టర్ల సమావేశాల్లో సమీక్షించండి.

కన్నతల్లి గురించి చెప్పకుండా ఈ పత్రం ముగించలేం. 1999లోనూ 2001లోనూ దేవరకొండ తండాల నుంచి లంబాడా ఆడశిశువులను కొని హైదరాబాద్‌లోని అనాథాశ్రమాలకు చేర్చి, విదేశీ దత్తతకు పంపిన వ్యవహారం ఈ రాష్ట్రం మరిచిపోకూడదు. అప్పుడు ఆ పని చేసినవి దత్తత సంస్థలమని పేరు పెట్టుకున్నవే. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు, మనసు మారితే రెండు నెలల్లోగా వెనక్కి తీసుకోవచ్చు. ఈ సంగతి ఆమెకు ఆమె భాషలో, తండాలో అయితే లంబాడీలో, ఎవరో ఒకరు చెప్పాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఆ బాధ్యత అప్పగించండి. ఆ తల్లి వివరాలు బయటికి పొక్కకూడదు. ఆమె కడుపుకోత మీద మా ఇల్లు నిలబడటం మాకు ఇష్టం లేదు.

బిడ్డ ఇంటికొచ్చాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సంస్థ వచ్చి చూడాలన్నది నియమం. ఇప్పుడది సంతకం, ఫొటోతో సరి. ఆరేళ్ల పిల్ల కొత్త ఇంట్లో రాత్రిళ్లు నిద్రపోకుండా తలుపు దగ్గర కూర్చుంటే ఏం చేయాలో మాకు చెప్పేవాళ్లు కావాలి. ప్రతి శిశుగృహలో ఒక కౌన్సెలర్‌ను నియమించండి.

ఈ కోరికల్లో ఏదీ కొత్త చట్టం అడగడం లేదు. వీటిపై శాఖ తీసుకునే నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని, మా ప్రతినిధులకు ఒకసారి కలిసే అవకాశం ఇవ్వాలని సవినయంగా కోరుతున్నాం.

ఇట్లు,
దత్తత తల్లిదండ్రులు, దత్తత కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు,
వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాలు.